గూటిలోని గోమారి – చార్లెస్ రోత్స్‌చైల్డ్ జీవితం

ప్లేగు అన్న మాట వినగానే సరిహద్దు పల్లెలలోని వృద్ధులకు తమ పెద్దలు చెప్పిన సంగతులు నేటికీ స్ఫురిస్తాయి. ఇంటి దూలం మీదినుండి ఎలుక రాలి పడితే ఆ ఇల్లు విడిచిపెట్టడం, ఊరు ఊరంతా పొలాలలో గుడిసెలు వేసుకొని నెలల తరబడి కాలం గడపడం ఆనాటి వాడుక. 1896లో బొంబాయిలో తలయెత్తిన ఆ మహమ్మారి 1898లో బెంగళూరును తాకింది. ఆ నగరంలో ప్లేగు మారియమ్మకు కట్టిన గుడులు ఆ భయానికి గుర్తుగా నిలిచి ఉన్నాయి. తరువాతి రెండు దశాబ్దాలలో మన దేశంలో కోటి మందికి పైగా ఆ వ్యాధికి బలి అయ్యారు.

ఎలుక చావుకూ మనిషి చావుకూ నడుమ ఉన్న లంకె ఒక చిన్న పురుగు. ఆ పురుగును తక్కిన వాటినుండి వేరుచేసి, శాస్త్రలోకంలో దానికి పేరు పెట్టినవారు వైద్యులు కారు. వారు లండనులో ఒక పెద్ద బ్యాంకును నడిపిన కుటుంబానికి చెందిన చార్లెస్ రోత్స్‌చైల్డ్. పక్షి గూళ్ళలో, ఎలుక బొరియలలో దాగి బ్రతికే గోమార్లను పోల్చి చూడడంలో ఆయన తన తీరిక సమయాన్నంతా గడిపారు. ధనవంతుని వింత వేడుకగా కనిపించిన ఆ పని కోట్లాది జనుల ప్రాణాలతో ముడిపడి ఉన్నదని తరువాత తేలింది.

బాల్యం, విద్య

చార్లెస్ 1877 మే 9న లండనులో జన్మించారు. పూర్తి పేరు నథానియేల్ చార్లెస్ రోత్స్‌చైల్డ్. తండ్రి మొదటి లార్డ్ రోత్స్‌చైల్డ్, తల్లి ఎమ్మా. యూదు మతస్థులైన ఆ కుటుంబం ఐరోపాలోని రాజ్యాలకే అప్పులిచ్చిన వంశం. అన్న వాల్టర్ చార్లెస్ కంటే తొమ్మిదేండ్లు పెద్ద. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ట్రింగ్ అనే ఊరిలో తమ ఎస్టేటులో వాల్టర్ ఒక జంతు ప్రదర్శనశాలను స్థాపించారు. పక్షులు, సీతాకోకచిలుకలు లక్షల సంఖ్యలో అక్కడికి చేరేవి. ఆ వాతావరణంలోనే తమ్ముని బాల్యం గడిచింది.

చార్లెస్ హారో అనే ప్రసిద్ధ పాఠశాలలో చదివారు. యూదు బాలుడన్న కారణంగా తోటి విద్యార్థులు ఆయనను అక్కడ ఎంతగానో వేధించారు. ఆ బాధ జీవితాంతం ఆయన మనస్సును వదలలేదు. ఆ రోజులలో ఆయనకు ఊరట కలిగించినవి పొలాల వెంట తిరిగి పట్టిన సీతాకోకచిలుకలే. విద్యార్థిగా ఉండగానే 1895లో ఒక మిత్రునితో కలసి హారో ప్రాంతపు సీతాకోకచిలుకలపై చిన్న పుస్తకం వెలువరించారు. పిమ్మట కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరి ప్రకృతిశాస్త్రం అభ్యసించారు.

ఆయన మనస్సు శాస్త్రం వైపు ఉన్నది, కుటుంబం ఆయనను బ్యాంకుకు పిలిచింది. అన్నగారికి లెక్కల పుస్తకాలు గిట్టవు, చివరకు 1908లో ఆయన బ్యాంకును విడిచిపోయారు కూడ. అందుచేత ఆ బరువు తమ్మునిపై పడింది. చార్లెస్ ఆ బరువును తప్పించుకొనలేదు. ప్రతిదినమూ కార్యాలయానికి వెళ్ళి, బంగారాన్ని శుద్ధిచేసే కర్మాగారం నిర్వహణ కూడ చూసి, సాయంకాలాలలోను సెలవు దినాలలోను మాత్రమే సూక్ష్మదర్శిని ముందు కూర్చునేవారు. ట్రింగ్ ప్రదర్శనశాలలో పనిచేసిన జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ జోర్డన్ ఆయనకు గురువువలె, సహచరునివలె తోడు నిలిచారు.

గోమారి అనగా ఏది?

మన పల్లెలలో గోమారి అన్న పేరును కుక్కకు పట్టే పలు పురుగులకు వాడుతారు. ఇక్కడ చెప్పబోయేది చర్మాన్ని కరచిపట్టుకొని రక్తంతో ఉబ్బిపోయే పిడుదు కాదు. రెక్కలు లేకుండ, రెండు ప్రక్కలనుండి నొక్కినట్లు పలుచని దేహంతో, పొడవైన వెనుక కాళ్ళతో దూకుతూ పోయే పురుగు ఇది. ప్రపంచంలో దీనికి సుమారు 2,500 జాతులు ఉన్నాయి. వాటిలో అత్యధికం ఎలుక, కుందేలు, కుక్క వంటి జంతువులను ఆశ్రయిస్తాయి. పక్షులను ఆశ్రయించేవి నూటికి పదికి లోపే.

పెద్ద పురుగు మాత్రమే రక్తం త్రాగుతుంది. అది పెట్టిన గ్రుడ్లు ప్రాణి దేహంమీద నిలువక, గూటిలోనో బొరియలోనో పడతాయి. వాటినుండి కాళ్ళు, కళ్ళు లేని సన్నని పిల్లపురుగులు వెలువడతాయి. అవి ఎవరినీ కుట్టవు. గూటి అడుగున చేరిన చెత్తను, పెద్ద పురుగులు విసర్జించిన ఎండు రక్తపు రేణువులను తిని పెరుగుతాయి. పిదప పట్టుదారంతో చిన్న సంచి అల్లుకొని అందులో నిద్రిస్తాయి. గూటిలో తగినంత తేమ లేకపోతే పిల్లపురుగు ఎండి చనిపోతుంది. గోమారి జీవితంలో ఎక్కువ భాగం ప్రాణిమీద గాక ఆ ప్రాణి నివాసంలోనే గడుస్తుందన్న మాట.

పక్షి గూళ్ళలోని లోకం

చార్లెస్ ఈ రంగంలో ప్రవేశించే నాటికి పక్షుల గోమార్లను గురించి శాస్త్రజ్ఞుల అవగాహన చాలా పైపైది. 1880లో టాషెన్‌బర్గ్ అనే జర్మను పండితుడు గోమార్లపై ఒక గ్రంథం వ్రాసి, వేర్వేరు పక్షులపై దొరికిన వాటిని ఒకే జాతిగా లెక్కించారు. చార్లెస్ వేర్వేరు గూళ్ళనుండి వచ్చిన పురుగులను వేర్వేరుగా గాజుపలకలపై అమర్చి, వాటి వెంట్రుకలను, దువ్వెన వంటి ముళ్ళ వరుసలను, మగ పురుగుల అంగనిర్మాణాన్ని పోల్చి చూశారు. ఒకటిగా భావించినది ఒకటి కాదని, ఒక్కొక్క తరహా గూటిలో ఒక్కొక్క జాతి నివసిస్తున్నదని 1900లో ప్రకటించారు. అప్పటికి ఆయన వయస్సు 23 ఏండ్లు.

ఆ సంవత్సరం ఆయన వర్ణించిన వాటిలో ఏటి గట్టులలో బొరియలు తవ్వి గ్రుడ్లు పెట్టే వానకోయిల జాతి పక్షి గోమారి ఒకటి. గ్రీకు పురాణాలలో మరణించినవారు దాటే నది పేరు స్టిక్స్. ఆ పేరునే ఆయన దీనికి ఉంచారు. ఇంటి చూరు క్రింద మట్టితో గూడు కట్టే మరొక పక్షి గోమారిని 1905లో వర్ణించారు. ఈ రెండు పక్షులూ ఒకే కుటుంబానికి చెందినవి, ఒకే ఆకాశంలో ఎగిరేవి. అయినా ఒకటి నేలలోని బొరియలో, మరొకటి గోడమీది మట్టిగూటిలో పిల్లలను పెంచుతుంది కనుక వాటి గోమార్లు వేరయ్యాయి.

ఆయన తరువాత వచ్చిన పరిశోధకులు ఈ గూళ్ళ జీవితాన్ని మరింత లోతుగా గమనించారు. ఏటి గట్టు పక్షులు శీతకాలానికి ముందే ఆఫ్రికాకు వెళ్ళిపోతాయి. అవి విడిచిన బొరియలలో గోమార్లు పట్టు సంచులలోనే చలికాలమంతా ఆకలితో వేచి ఉంటాయి. వసంతంలో నేల వెచ్చబడగానే బయటికి వచ్చి బొరియల ముఖద్వారాల వద్ద గుంపులుగా చేరుతాయి. తిరిగివచ్చిన పక్షి ద్వారం వద్ద వాలగానే దానిపైకి దూకుతాయి. పక్షి రాకపోతే ఆ గుంపంతా నశిస్తుంది. అందుకే పాత గూటికి మరల వచ్చే పక్షులకు, చెట్టు తొర్రలలో గ్రుడ్లు పెట్టే పక్షులకు గోమారి బెడద ఎక్కువ. ఏటేటా క్రొత్త కొమ్మపై పలుచని గూడు అల్లుకొనే పక్షులకు తక్కువ.

చెట్టు తొర్రలలో గూడు పెట్టే టిట్ అనే చిన్న పిట్టలపై 1990లలో స్విట్జర్లాండులోని బెర్న్ నగర పరిశోధకులు ప్రయోగాలు చేశారు. గోమార్లు ఉన్న గూళ్ళలో పిల్లలు బరువు తగ్గుతాయని, పోయిన బలాన్ని పూడ్చడానికి తండ్రి పక్షి మేత తెచ్చే రాకపోకలను పెంచుతుందని వారు కనుగొన్నారు. కంటికి ఆనని పురుగు ఒక కుటుంబపు శ్రమను ఎంతగా పెంచుతుందో దీనివలన తెలుస్తుంది. ఆ టిట్ పిట్టల గోమారియే ఐరోపా రైతుల కోళ్ళ గూళ్ళలోకి చేరి కోళ్ళను పీడిస్తూ వచ్చింది. మన దేశంలో కోళ్ళ కళ్ళ చుట్టూ, తురాయిపైన నల్లని చుక్కలవలె అంటుకొని ఉండే గోమారి దీనికి దాయాది. అది ఇల్లు మారినట్లు తిరుగక ఒకేచోట కరచిపట్టుకొని ఉంటుంది. దానికి 1875లో సింహళంనుండి పంపిన నమూనాల ఆధారంగా శాస్త్రనామం లభించింది. ఈ బెడదకు కూడ చికిత్స కోడికి మాత్రమే చేస్తే చాలదు. గూటి అడుగున పేరుకొన్న చెత్తను ఊడ్చి కాల్చివేస్తేనే పిల్లపురుగులు నశిస్తాయి.

షెండీలో దొరికిన పురుగు

1901లో చార్లెస్ సూడాన్ దేశానికి ప్రయాణమయ్యారు. నైలు నది తీరాన షెండీ అనే ఊరి పరిసరాలలో పక్షులను, చిన్న జంతువులను సేకరిస్తూ, ఎలుకజాతి ప్రాణులపై ఉన్న గోమార్లను కూడ సీసాలలో భద్రపరచారు. వాటిలో ఒకటి అంతకు ముందు ఎవరూ వర్ణించనిది. మహా పిరమిడును కట్టించిన ఈజిప్టు రాజు కియోప్స్ పేరుతో దానికి 1903లో నామకరణం చేశారు. నేడు దాని శాస్త్రనామం జెనాప్సిల్లా కియోపిస్.

అప్పటికే 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్లేగు ఒక ఎలుకనుండి మరొక ఎలుకకు గోమారి ద్వారా సోకుతుందని ప్రయోగంతో నిరూపించారు. ఆయన మాటను నమ్మినవారు కొద్దిమందే. 1905 తరువాత బొంబాయిలో పనిచేసిన ప్లేగు పరిశోధక సంఘం ఆ విషయాన్ని సందేహానికి తావులేకుండ స్థిరపరచింది. గోమార్లు లేనిచోట రోగి ఎలుకతో ఒకే గదిలో ఉన్నా ఆరోగ్యమైన ఎలుకకు వ్యాధి సోకలేదు. గోమార్లు ఉంటే సోకింది. ఆ గోమార్లలో ముఖ్యమైనది చార్లెస్ పేరుపెట్టిన కియోపిస్ అని తేలింది. 1914లో బేకట్, మార్టిన్ అనే ఇద్దరు పరిశోధకులు మరొక అంకాన్ని బయటపెట్టారు. ప్లేగు సూక్ష్మజీవులు గోమారి గొంతు దిగువ భాగంలో పెరిగి దారిని మూసివేస్తాయి. ఎంత త్రాగినా ఆకలి తీరని ఆ పురుగు మరల మరల కుట్టుతూ, మ్రింగలేని రక్తాన్ని వ్యాధితో సహా కుట్టినచోట వదలుతుంది.

సరిహద్దు జిల్లాలకు సంబంధించిన సంగతి

1911లో చార్లెస్ మన దేశపు ఎలుకల గోమార్లనుండి మరొక జాతిని వేరుచేసి ఆస్టియా అని పేరుపెట్టారు. కియోపిస్, ఆస్టియా రెండూ సామాన్యుని కంటికి ఒకటే. పక్షి గూళ్ళ గోమార్లను వేరుచేసిన నిశిత దృష్టియే ఇక్కడ కూడ పనిచేసింది. కొద్దికాలానికే ఈ భేదం విలువ తెలిసివచ్చింది. ప్లేగును వ్యాపింపజేయడంలో ఆస్టియా కియోపిస్ అంత సమర్థమైనది కాదని కొలంబోలో ఫేబియన్ హర్స్ట్ అనే పరిశోధకుడు చూపారు.

మదరాసు రాజధానిలో అధికారులను ఎంతోకాలం తికమకపెట్టిన ప్రశ్న ఒకటి ఉన్నది. మదరాసు నగరం జనసమ్మర్దం గలది, రేవు పట్టణం, ఎలుకలకు కొదువ లేదు. అయినా అక్కడ ప్లేగు విజృంభించలేదు. సముద్రతీరపు తెలుగు జిల్లాలు కూడ చాలవరకు తప్పించుకొన్నాయి. లోతట్టున ఎత్తైన నేలలైన బళ్ళారి, సేలం ప్రాంతాలు, మైసూరు సంస్థానం మాత్రం పదేపదే దెబ్బతిన్నాయి. 1920ల ఆరంభంలో జిల్లాలవారీగా ఎలుకల గోమార్లను లెక్కించగా, తీరప్రాంతపు ఎలుకలపై ఆస్టియా, లోతట్టు ఎలుకలపై కియోపిస్ అధికంగా కనిపించాయి. ఎండ, తేమ తేడాలకు కూడ ఇందులో పాలు ఉన్నది. అయినా ఒక ఊరు ఖాళీ కావడానికి, మరొక ఊరు నిలవడానికి మధ్య ఉన్న కారణాలలో ఈ రెండు పురుగుల తేడా ఒకటి.

తరువాతి కాలంలో కూడ ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే ముక్కూడలి ప్లేగు పరిశీలకుల దృష్టిలో ముఖ్యమైన స్థానంగా నిలిచింది. చిత్తూరు, కోలారు, నాటి ధర్మపురి జిల్లాల పొలాలలో, గుట్టలలో బొరియలు చేసుకొని బ్రతికే ఎలుకలను, వాటి గోమార్లను బెంగళూరునుండి వచ్చిన ప్రభుత్వ బృందాలు దశాబ్దాల పాటు పరీక్షించాయి. 1966లో కోలారు జిల్లా ముళబాగిలులో నమోదైన రోగి తరువాత, 1994లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలోను, గుజరాతులోని సూరత్‌లోను వ్యాధి కనిపించే వరకు, దేశంలో ధ్రువపడిన ప్లేగు కేసు లేదు.

ఈ చరిత్రనుండి పల్లెవాసులు గ్రహించవలసిన నియమం ఒకటి ఉన్నది. ప్లేగు అనుమానం ఉన్నచోట ముందుగా ఎలుకలను చంపరాదు. ఎలుక చల్లబడగానే గోమారి దానిని విడిచి మరొక వెచ్చని దేహాన్ని వెదకుతుంది, అది మనిషిది కావచ్చు. ముందు పురుగుమందుతో గోమార్లను అణచి, ఆ తరువాతనే ఎలుకల నిర్మూలన చేపట్టాలి. కారణం తెలియకుండ ఎలుకలు గుంపుగా చచ్చిపడితే చేతితో తాకక ఆరోగ్య కార్యకర్తకు తెలియజేయాలి. ఎలుక రాలితే ఇల్లు విడిచిన మన పెద్దలకు సూక్ష్మజీవి తెలియకపోయినా, ఆ ఇంటిలో ఆగరాదన్న వారి తెలివి సరియైనదే.

నేలను కాపాడే ప్రయత్నం

చార్లెస్ తన జీవితంలో సుమారు 500 గోమారి జాతులను వర్ణించారు. తన సేకరణనంతటినీ 1913లో బ్రిటిష్ మ్యూజియంకు అర్పించారు. ఇంత వరకే అయితే ఆయన ఒక గొప్ప సేకర్తగా మిగిలేవారు. నేల పోతే ప్రాణి పోతుందన్న సత్యాన్ని ఆయన ఆ రోజులలోనే గ్రహించారు. ఆ కాలంలో ఇంగ్లండులో ప్రకృతి రక్షణ అంటే అరుదైన పక్షిని చంపరాదనడం, దాని గ్రుడ్లు ఎత్తరాదనడం మాత్రమే. గూడు లేనినాడు పక్షికి చట్టం ఇచ్చే రక్షణ వ్యర్థమని, ప్రాణి నివసించే నేలనే కాపాడాలని ఆయన వాదించారు. ప్రాణి దేహంకంటే దాని నివాసంలోనే ఎక్కువగా బ్రతికే పురుగులతో ఆయన అప్పటికి ఎన్నో ఏండ్లుగా మెలగుతున్నారు.

కేంబ్రిడ్జి సమీపంలోని వికెన్ చిత్తడి నేలలో కొంత భాగాన్ని కొని నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు దానం చేశారు. 1910లో వుడ్‌వాల్టన్ అనే మరొక చిత్తడి నేలను కొన్నారు. మరుసటి ఏడు అక్కడ నీటికి అందకుండ స్తంభాలపై ఒక చిన్న బంగళా కట్టించి, సెలవు దినాలలో అందులో ఉండి పురుగులను గమనించేవారు. 1912 మే నెలలో ప్రకృతి క్షేత్రాల పోషణకు ఒక సంఘాన్ని స్థాపించారు. దేశమంతటా పరిశీలకులకు పత్రాలు పంపి, కాపాడదగిన 284 స్థలాల పట్టికను తయారుచేసి 1915లో ప్రభుత్వ వ్యవసాయ శాఖకు అందజేశారు.

అది మొదటి ప్రపంచయుద్ధ కాలం. తిండిగింజల కోసం చిత్తడి నేలలను కూడ దున్నాలని ఆలోచిస్తున్న ప్రభుత్వం ఆ పట్టికను ప్రక్కన పెట్టింది. ప్రకృతి క్షేత్రాలను ప్రభుత్వమే నెలకొల్పడానికి వీలిచ్చిన చట్టం 1949లో గాని రాలేదు. ఆ నడుమ పట్టికలోని అనేక స్థలాలు దున్నకానికీ కట్టడాలకూ గురి అయ్యాయి.

కుటుంబం, చివరి రోజులు

కార్పేతియన్ పర్వతాల ప్రాంతంలో సీతాకోకచిలుకల కోసం తిరుగుతున్న రోజులలో చార్లెస్‌కు హంగేరీకి చెందిన రోజికా వెర్ట్‌హైమ్‌స్టైన్ పరిచయమయ్యారు. ఆమె మంచి టెన్నిసు క్రీడాకారిణి, పలు భాషలు చదివిన విదుషీమణి. 1907లో వారి వివాహం జరిగింది. నార్తాంప్టన్‌షైర్‌లోని ఆష్టన్ అనే పల్లె వారి నివాసమయింది. సీతాకోకచిలుకలతో నిండిన ఆ అడవిని చూసి ముచ్చటపడి కొనాలని విచారించగా, అది తమ కుటుంబపు ఆస్తియేనని తెలిసిందని ఆ ఇంట చెప్పుకొనేవారు. ఈ దంపతులకు మిరియం, లిబర్టీ, విక్టర్, పన్నోనికా అని నలుగురు సంతానం.

1915లో తండ్రి మరణించడంతో బ్యాంకు భారం మరింత పెరిగింది. చిన్ననాటి నుండి ఉన్న మనోవ్యథకు దీర్ఘవ్యాధి తోడయింది. 1916 తరువాత ఆయన ఆరోగ్యం కోలుకోలేదు. స్విట్జర్లాండులో చాలాకాలం చికిత్స పొందారు. మనస్సును క్రుంగదీసే వ్యాధులకు నాటి వైద్యంలో సరియైన మందు లేదు, ఆ బాధను ఇతరులతో చెప్పుకొనే వాడుక కూడ లేదు. 1923 అక్టోబరు 12న తన 46వ ఏట ఆయన ఆష్టన్‌లోనే తన ప్రాణాన్ని తానే తీసుకున్నారు. సంపద, కీర్తి, ప్రేమగల కుటుంబం అన్నీ ఉన్న ఇంట్లో ఆ వ్యాధి చేసిన నష్టం ఇది. నేడైతే అటువంటి రోగికి చికిత్స ఉన్నది, ఆదుకొనే వైద్యులు ఉన్నారు.

తండ్రి పోయేనాటికి పెద్ద కుమార్తె మిరియంకు 15 ఏండ్లు. ఆమెను బడికి పంపలేదు. ఆమె తనంతట తాను చదువుకొని, తండ్రి విడిచిన సేకరణను చేపట్టారు. 1953 నుండి వెలువడిన ఆ సేకరణ పట్టికల సంపుటాలను ఒక సహచరునితో కలసి సిద్ధపరచారు. కుందేలు గోమారి గ్రుడ్లు పెట్టే కాలం తల్లి కుందేలు రక్తంలోని ప్రసవకాలపు హార్మోనులను అనుసరించి ఉంటుందని 1960లలో నిరూపించారు. కుందేలు ఈనిన గంటలలోనే గోమార్లు పిల్లలపైకి దిగి, ఆ గూటిలో గ్రుడ్లు పెడతాయి. గూడు సిద్ధమైనప్పుడే గోమారి కూడ సిద్ధమవుతుందన్న ఈ సంగతి తండ్రి ప్రారంభించిన చదువుకు కుమార్తె చేర్చిన అధ్యాయం. మిరియం 2005లో కన్నుమూశారు.

వుడ్‌వాల్టన్ చిత్తడి నేల ఇప్పుడు జాతీయ ప్రకృతి క్షేత్రం. స్తంభాల మీది ఆ బంగళా అక్కడ నిలిచి ఉన్నది. చార్లెస్ స్థాపించిన సంఘం పేరు మార్చుకొని దేశమంతటా శాఖలు గల సంస్థగా ఎదిగింది. ఆయన గోమార్ల సేకరణ లండనులోని ప్రకృతిచరిత్ర మ్యూజియంలో భద్రంగా ఉన్నది. అక్కడి గాజుపలకలపై పురుగు పేరుతో పాటు అది ఏ ఊరిలో, ఏ తేదీన, ఏ ప్రాణిమీద లేదా ఏ పక్షి గూటిలో దొరికిందో కూడ వ్రాసి ఉంటుంది.